ఆవిరి పాఠం

1998లో బెంగళూరు పక్కన కాడుగోడి. ఇడ్లీపాత్ర మూత తీస్తూ కాల్చుకున్న ఫిజిక్స్ లెక్చరర్ చేతిని, నర్సయిన అతని భార్య కుళాయి కింద పట్టుకుంది.

"మరిగే నీళ్లకంటే ఆవిరి ఎక్కువ కాలుస్తాది," అంది ఆమె.

"రెండూ నూరు డిగ్రీలే గదా. ఎట్ల?" క్లాసులో అడిగినట్టే అడిగాడు.

"డిగ్రీలు పెరిగేదానికి పట్టేది స్పెసిఫిక్ హీట్. డిగ్రీ పెరక్కుండానే నీళ్లు ఆవిరయ్యేదానికి పట్టేది లేటెంట్ హీట్. ఆవిరి మీ చేతిమీద మళ్లీ నీళ్లయి, దాచుకున్న ఆ వేడంతా వదిలేసింది."

"ఇంత బాగా వస్తాదా నీకు? నర్సింగ్ ఎంట్రెన్స్‌కని చర్చి వరండాలో నాతో ఈ ఒక్క పాఠమే పదైదు దినాలు చెప్పించుకొంటివి. దినామూ అర్థం కాలేదంటివి."

"మొదటి దినమే అర్థమాయె."

"మరి చెప్పలేదే?"

"చెయ్యి కదిలించొద్దు. చెప్పింటే మరుసటి దినం మీరు వచ్చేవాళ్లా, సార్?"