ముప్పై సెప్టెంబర్ల బేస్‌బాల్

సభాధ్యక్షురాలు రత్నకుమారి గారికి, ఇంత మంచులోనూ కిచెనర్, వాటర్లూ ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు, మిత్రులకు, వేర్‌హౌస్ షిఫ్టు ముగించుకుని ఆ జాకెట్లతోనే వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నా నమస్కారాలు.

నన్ను పరిచయం చేస్తూ రత్నకుమారి గారు, "రామ్మోహన్ గారు యూనివర్సిటీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు, మన పిల్లల హాస్టల్ కోసం తన మైదానాన్నే వదులుకున్నారు" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక, జరిగింది చెప్పకుండా ఈ శాలువాతో ఇంటికి వెళ్లలేను. కాస్త ఓపిక పట్టండి.

ఒంగోలులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివి 1993లో ఈ దేశానికి వస్తే, దొరికింది ఆటస్థలం చూసుకునే ఉద్యోగం. ఆరు నెలలు చేసి మానేద్దామనుకున్నాను. (నవ్వులు) ఆ వేసవిలోనే యూనివర్సిటీకి బేస్‌బాల్ జట్టు పుట్టింది. కోచ్ డగ్లస్ ఒక హైస్కూలు లెక్కల మాస్టారు, సాయంత్రాలు జీతం లేకుండా వచ్చి ఆట నేర్పేవారు. ఆయనా, పదకొండు మంది ఆటగాళ్లూ, నేనూ కలిసి మూడు వారాల పాటు ఆ నేలలో రాళ్లు ఏరాం. మొదటి రోజు నేను క్రికెట్ అలవాటుతో, "బంతిని నేలకు తగలనివ్వరేం?" అని అడిగితే, ఆయన నవ్వలేక మట్టిలోనే కూలబడ్డారు. మన వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! జనార్ధనరావు గారు పదేళ్లు మా మ్యాచ్‌లకు వచ్చి, పదేళ్లూ "ఓవర్ అయిపోయిందా?" అనే అడిగారు. (నవ్వులు)

మా జట్టుకు సీజన్ అంటే సెప్టెంబరు, అక్టోబరు, అంతే. ఎక్కువసార్లు ఓడిపోయాం. 2007లో ఒక్కసారి ఫైనల్ గెలిచాం. వానలో, తొమ్మిది ఇన్నింగ్స్‌లలో తేలక పదమూడో దాకా సాగిన ఆటలో, మా క్యాచర్ విరిగిన వేలికి టేపు చుట్టుకుని ఆడాడు. ఆ రాత్రి కోచ్ నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు. మాకు వచ్చిన కప్పు అదొక్కటే. కోవిడ్ తరవాత జట్టును మళ్లీ నిలబెట్టేసరికి ఆయనకు డెబ్బై దాటాయి.

2022 సెప్టెంబరులో ఒక సాయంత్రం ప్రాక్టీసు జరుగుతుంటే కంచె పక్కన ఒక అమ్మాయి నిలబడింది. ఆమె ధాత్రి, కరీంనగర్ నుంచి వచ్చింది. ఈ సభలోనే ఉంది, ఆమెను అడిగే చెబుతున్నాను. "అంకుల్, మీరు తెలుగేనా? ఇక్కడ ఎవరన్నా రూమ్ రెంట్‌కిస్తరా? బేస్‌మెంట్‌ల పదకొండు మందిమి ఉంటున్నం. మ్యాట్రెస్‌లు షిఫ్ట్‌ల లెక్కన వాడుకుంటున్నం" అంది. ఆ ఏడు వచ్చిన పిల్లలందరిదీ ఇదే కథ.

రెండు వారాలకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కొత్త హాస్టల్‌కు స్థలం వెతుకుతున్నారట. మైదానాన్ని ఎన్ని గంటలు వాడుతున్నామో, ఏడాది మొత్తానికి సగటు తీసి రిపోర్టు రాయమన్నారు. తీశాను. వారానికి ఐదు గంటలు. ఆ అంకెలో అబద్ధం లేదు. కానీ ఆరు నెలలు మైదానం మంచు కింద ఉంటుందనీ, సీజన్లో రోజూ చీకటి పడేదాకా ఆడతారనీ ఒక్క వాక్యం రాసి ఉండవచ్చు. రాయలేదు. ధాత్రి చెప్పిన పరుపు నా కళ్ల ముందు ఉంది. సంతకం పెట్టాను.

ఫిబ్రవరిలో ఆ అంకె చూపించి జట్టును రద్దు చేశారు. కోచ్ సామాను గదికి వచ్చి, ఆ రిపోర్టు నా ముందు పెట్టారు.

"రామ్, ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"మంచు నెలలు కూడా కలిపి లెక్కేశావా?"

"పిల్లలకు ఉండడానికి చోటు లేదు కోచ్."

"నాకు చెప్పి ఉంటే, నేనూ నీ పక్కన సంతకం పెట్టేవాణ్ని కదా" అన్నారు. గది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

(మంచినీళ్లు తాగి) క్షమించండి.

వేసవిలో మైదానం తవ్వారు. ఆ తరవాత జనవరిలో ప్రభుత్వం విదేశీ విద్యార్థులకిచ్చే స్టడీ పర్మిట్లు తగ్గించింది. ఇక విద్యార్థులు రారంటూ మా యూనివర్సిటీ వాళ్లు పని ఆపేశారు. ఈ రోజు అక్కడ రెండు నిలువుల గొయ్యి, దాన్నిండా నీళ్లు, చుట్టూ ఇనుప కంచె ఉన్నాయి. ఆటా లేదు, హాస్టలూ లేదు. ధాత్రి ఇప్పటికీ ఆ బేస్‌మెంట్‌లోనే ఉంది. మా ఇంటి పైగదిలో ఇద్దరమ్మాయిలు ఉంటున్నారు. వాళ్లతో సర్దుకుందువు రమ్మని మా ఆవిడ శ్యామల పిలిస్తే, "నా వాళ్లను విడిచిపెట్టి నేనొక్కదాన్నే ఎట్ల రావాలె ఆంటీ?" అంది. నిరుడు ఇదే వేదిక మీద నిలబడి, ఎవరింట్లోనైనా ఖాళీ గది ఉందా అని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, ఎవరి ఇబ్బందులు వారివి. మళ్లీ అడిగే ఓపిక మాత్రం నాకు లేదు.

రిటైరయిన మర్నాడు, ముప్పై ఏళ్ల స్కోరు పుస్తకాలు కారులో వేసుకుని కోచ్ ఇంటికి వెళ్లాను. తలుపు తీశారు. బాగా చిక్కిపోయారు. పుస్తకాల వైపు చూడలేదు.

"మీ పిల్లలకు గదులొచ్చాయా?" అని అడిగారు.

"రాలేదు" అన్నాను.

తల ఊపారు. లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. నేను కారు తిప్పుకునే దాకా గుమ్మంలోనే నిలబడి, తరవాత నెమ్మదిగా తలుపు వేసుకున్నారు.

రత్నకుమారి గారూ, మీ మనసు నొప్పించి ఉంటే మన్నించండి. ఇంత చలిలో వచ్చి, ఒక ముసలివాడి మాటలు చివరిదాకా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.