పసుపు కింద నంబరు

ఏమప్పా, మళ్లా చెప్పు? కొన్న పాత కారుకు బలం సాల్లేదని పెద్ద బోరు చేపిస్తాండావా? దాంట్లో ఉండేది ఏ ఇంజనో సూసినావా? అమ్మినోడు చెప్పినాడంటావా! తన మజ్జిగ పులుపని ఎవురన్నా చెప్తారా నాయనా? ఇట్ల నీడకు కూర్చో. మీ తాత గూడా అచ్చం నీ మాదిరే తొందర మనిషి.

అప్పుడు మీ తాత ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాండె. పోతే పోయినట్లే, ఎప్పుడొస్తాడో తెలీదు. మీ నాయన చంటోడు... కాదు కాదు, నడుస్తాండె అప్పటికే. తండ్రి ఇంటికొస్తే ఎవురో కొత్తాయన వచ్చినాడని ఏడ్చి నా కొంగులో దూరుకుంటాండె. అది చూసి మీ తాత లారీ మానుకోని ఒక పాత కారు కొన్యాడు. బాడుగకు తిప్పుకుందాం, రాత్రికి మనింట్లోనే పండుకుందాం అని. నాకెంత సంతోషమో!

తీరా చూస్తే నలుగురెక్కితే అది కనుమ ఎక్కదు. బాడుగోళ్లే దిగి నెట్టల్ల. ఒక పెండ్లిపెద్ద అయితే పట్టుపంచె ఎగ్గట్టుకోని నెట్టినాడు పాపం, మళ్లా మా బండిని పిలిస్తే ఒట్టు. ఇట్లయితే నాకు లారీనే గతి అన్యాడు మీ తాత. ముందు ఒక తూరి మేస్త్రీకి చూపిద్దాం అన్యా నేను.

రైలుగేటు కాడ మస్తానన్న అని మేస్త్రీ ఉండె. నన్నూ ఎంటబెట్టుకోని మీ తాత ఆయన దగ్గరికి పోయి, "అన్నా, బోరు బాగా కోసి పెద్ద పిస్టన్లు ఎయ్యి" అన్యాడు. బోరంటే నీళ్ల బోరు కాదులే, పిస్టను ఆడే గొట్టాన్ని లోపల వెడల్పు చేసేది, నీకు తెలుసు గదా.

"ఇది యే ఇంజనప్పా?" అన్యాడు మస్తానన్న.

"పెద్దదే అన్నా, అమ్మినాయన చెప్పినాడు."

"ఎద్దును కొంటే పండ్లు చూస్తావే, దీనికి నంబరు చూడొద్దా? చిన్నదీ పెద్దదీ పైకి ఒగటే మాదిరి ఉంటాయి. చిన్నదాని గోడ పల్చన. ఎక్కువ కోస్తే పగుల్తాది, ఇంక పాతసామాన్లోనికి ఎయ్యల్ల."

ఆ నంబరు ఇంజను పక్కన కొట్టి ఉంటాది. దాని మీద ఇంత మందాన పసుపు, కుంకుమ, నూనె, దుమ్ము. ముందు ఉండినోళ్లెవురో ప్రతి దసరాకూ ఆడనే బొట్లు పెట్టి పెట్టి పెచ్చు కట్టిపోయింది. మనం చర్చికి పోయేటోళ్లం, మీ తాతకు ఆ బొట్లంటే కొంచెం అదిగా ఉంటాండె. "ఏం మడ్డి ఇది" అని గొణుక్కుంటా ఉలి తీసుకున్యాడు. గీకితే అంకెలు పోతాయని నేను చెయ్యి పట్టుకున్యా.

నాకెట్ల తెలుసంటావా? నా పుట్టిల్లు బేతంచెర్ల గదా. మా నాయన నాపరాళ్ల మీద పేర్లు చెక్కుతాండె, సమాధులకు. ఈస్టరు వస్తే పాత రాళ్లు కడిగి అక్షరాల్లో సున్నం పూసేది నా పని. పాచిని గీకొద్దు పాపా, తడిగోతం కప్పి నానబెట్టు, గీకితే పేరు పోతాది అంటాండె.

అట్లనే కిరసనాయిల్లో గుడ్డ తడిపి ఆ పెచ్చు మీద ఏసినా. మధ్యాన్నానికి పొరలు పొరలుగా ఊడొచ్చింది, పసుపు, ఎరుపు, మళ్లా పసుపు. సున్నం వేలితో రుద్ది పైపైన తుడిస్తే అంకెలు తెల్లగా లేసినాయి. ఇంజనంతా తుప్పే, ఆ చోటు ఒగటే కొత్తగా ఉండాది!

మస్తానన్న వంగి చదివినాడు. "చూస్తివా అప్పా, ఇది చిన్నది. నువ్వు చెప్పినంత కోసుంటే నీ బండి ఈ పొద్దే పోయుండు."

మీ తాత ఉలి కింద పెట్టినాడు. మళ్లా అన్యాడు, "ఆ బొట్లు పెట్టిన తల్లులెవురో సల్లగుండల్ల. పసుపే లేకుంటే తుప్పు ఆ అంకెల్ని తినేసుండు" అని.

మస్తానన్న దానికి తగినట్ల రవ్వంతే కోసి, సరైన పిస్టన్లు, రింగులు ఏసి, వాల్వులు రుద్ది ఇచ్చినాడు. గుర్రమేం కాలేదులే. మూలుక్కుంటా మూలుక్కుంటా, నిండా మందితో కనుమ ఎక్కింది! నేను వెనక సీట్లో మీ నాయనను ఒళ్లో పెట్టుకోని స్తోత్రం, స్తోత్రం అంటాండా.

ఆ పొద్దు నుంచి రోజూ దీపాలు పెట్టే యాళకు మా సందు మొదట్లో హారను. కొంగులో దూరుకునే పిల్లోడు ఆ హారను వింటే సాలు, చెప్పులు గూడా లేకుండా ఎదురు ఉరుకుతాండె.

మస్తానన్న పోయ, మీ తాత పోయ. ఈస్టరుకు మీ తాత రాయి నేనే నానబెట్టి సున్నం పూస్తా. పూసేటప్పుడు మస్తానన్నకూ, ఆ ముక్కూమొగం తెలీని తల్లులకూ గూడా దేవునికి స్తోత్రం చెప్తా. వాళ్ల దయే గదా నాయనా మన ఇంట్లో దీపం.

పో, ముందు నంబరు చదువు, బలం సంగతి తర్వాత. కిరసనాయిలు ఇప్పుడు యాడ దొరుకుతాది, డీజిల్ గుడ్డ ఏసుకో. దేవుడు నిన్ను సల్లగా చూడల్ల. బండి జోరుగా పోకున్యా పర్లేదు, రేపు నీ బిడ్డ నీకు ఎదురు రావల్ల, అంతే... ఆ గూట్లో సున్నం డబ్బీ ఉండాది, తీసుకపో.