పుల్లటి మాత్ర

సాయంత్రం. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో తాత, మంచినీళ్ల గ్లాసుతో ఎదురుగా మనవరాలు. తల్లి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, అబద్ధం ఆడాలన్నా ఒకరికొకరే దిక్కు.

"మింగమంటే కొరుకుతావేంటి తాతా? అదేమన్నా చాక్లెట్టా?"

"కొరికాను కాబట్టే తెలిసింది. ఇది పుల్లగా ఉంది."

"మందు పుల్లగా ఉండకూడదా?"

"డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర చేదు. నాలుక మీద పెడితే మొహం ముడుచుకుపోయేది. ఇది చిన్నపిల్లలు చప్పరించేదిలా ఉంది."

"కంపెనీ మార్చారేమో."

"ఎవరు మార్చారు?"

"మందుల షాపతను."

"షాపుకి వెళ్లేదెవరు?"

"నేనే."

"తెచ్చి డబ్బాలో సర్దేదెవరు?"

"నేనే తాతా, అన్నీ నేనే. ఇప్పుడేంటి, నన్ను అనుమానిస్తున్నావా? ముందు నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. కండక్టరమ్మా, ఇలా చూడు. నా మొహంలోకి. గోడ మీద ఏముంది?"

"చూస్తున్నాగా."

"చిన్నప్పుడు నా బస్సెక్కి, చిత్తుకాగితాలు చింపి అందరికీ టిక్కెట్లు ఇచ్చేదానివి. టిక్కెట్టు లేనివాణ్ణి ఎలా పట్టేదానివి?"

"కళ్లు దించుకునేవాడు."

"మరి నువ్వెందుకు దించుకున్నావు?"

"అబ్బా, నాకు చదువుకునేది బోలెడుంది తాతా. వదిలెయ్."

"నా మాత్రలు ఏమయ్యాయే?"

"ఏమవుతాయి?"

"నేనడిగిందీ అదే."

"వేసుకుంటున్నాను."

"ఎవరు?"

"నేను. నీ మాత్రలు నేను వేసుకుంటున్నాను, నీ డబ్బాలో విటమిన్ బిళ్లలు పెడుతున్నాను. చాలా?"

"నీకేం జబ్బే? ఒంట్లో బాగాలేదా? మీ అమ్మకి చెప్పావా?"

"జబ్బేం లేదు. పరీక్ష."

"పరీక్షకి మతిమరుపు మందేంటే?"

"క్లాసులో అందరూ ఏదో ఒకటి వాడుతున్నారు తాతా. ఒకడు పాలల్లో ఏదో పొడి కలుపుకుంటాడు. ఇంకో అమ్మాయికి వాళ్ల నాన్నే క్యాప్సూల్సు తెప్పిస్తాడు, మెదడుకి బలమట. ముందు బెంచీ మొత్తం అదే వరస. నాకెవరు తెచ్చిస్తారు? అమ్మనడిగితే చీపురు తిరగేస్తుంది. మా పక్క బెంచీ అమ్మాయి అంది, మతి పోయినవాళ్లకే మతి తెప్పించే మందు, ఉన్నవాళ్లకి ఇంకెంత పనిచేస్తుందో చూసుకో అని."

"నువ్వు నమ్మావు."

"నమ్మాను."

"పనిచేస్తోందా?"

"తాతా, ప్లీజ్."

"చెప్పవే. నా మాత్ర నీకు పనిచేస్తోందా?"

"ఏమో. కడుపులో తిప్పుతుంది. పిచ్చి పిచ్చి కలలొస్తాయి. కానీ మార్కులు కాస్త పెరిగాయి. మాత్రవల్ల పెరిగాయో, చదివితే పెరిగాయో నాకే తెలీదు. మానేస్తే చదివిందంతా మర్చిపోతానేమోనని భయం."

"మర్చిపోతావని భయమా? ఆ మాట నాతోనా అంటున్నావు?"

"అలా కాదు..."

"భయమంటే నీకేం తెలుసే? నా సర్వీసంతా బస్సు నడిపాను, ఒక్క మలుపు తప్పలేదు. అలాంటివాణ్ణి, క్షవరానికని వెళ్లి మన వీధి చివర నిలబడిపోయానట! ఇల్లెటో తెలీలేదట! ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారట, తప్పిపోయిన పిల్లాణ్ణి తెచ్చినట్టు. మీ అమ్మ చెప్తూ కళ్లు తుడుచుకుంది."

"తెలుసు. నేనూ ఉన్నాను అప్పుడు."

"ఉన్నావు! ఉండి చూస్తున్నావు! గేటుకి తాళం వేయమన్నది నేనే. జబ్బు ముదిరిందనుకున్నాను, నా ఖర్మ అనుకున్నాను. నువ్వేమో పక్కన నిలబడి నీళ్లిచ్చి, నోరు తెరిపించి, మింగానో లేదో చూసి మరీ వెళ్తున్నావు."

"అలా అనకు తాతా."

"ఎలా అనాలి? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మీ అమ్మ ఇస్తానంటే వద్దని, నా మనవరాలి చేత్తోనే వేసుకుంటానన్నానే! మొదటిరోజు డాక్టరమ్మ ఏమంది? నువ్వూ ఉన్నావుగా, చెప్పు."

"ఈ జబ్బుకి బ్రేకు పడదు, ఈ మందుతో స్పీడు కాస్త తగ్గుతుంది అంతే, అంది. నీకు అర్థమవ్వాలని అలా చెప్పింది."

"ఆ కాస్తా నువ్వు మింగేశావు."

"పరీక్ష అవగానే మళ్లీ నీవి నీకే ఇచ్చేద్దామనుకున్నాను."

"అప్పటికి నువ్వెవరో నాకు తెలిసుండాలిగా."

"తాతా..."

"ఏడవకు. పోయేది నాది, ఏడుపు నీకెందుకు? ఊళ్లోవాళ్లెవరు చేసినా ఇంత బాధ ఉండేది కాదు. అమ్మ రానీ, చెప్తాను."

"చెప్పు."

"చెప్తానంటే చెప్తాను! ఊరికే బెదిరించడం కాదు."

"చెప్పు తాతా. నేనేం వద్దనట్లేదుగా."

"భయం కూడా లేదన్నమాట."

"ఇక భయపడి ఏం చేస్తాను?"

"వద్దులే. చెప్తే ముందు నిన్ను చంపుతుంది, తర్వాత అది కుమిలిపోతుంది. రోజంతా నిలబడి పనిచేసి వచ్చేదానికి ఇదొకటా? ఇటు రా. ఇంకా దగ్గరికి రా, కొట్టన్లే. అసలు మాత్రలు మిగిలాయా?"

"ఉన్నాయి. నా బ్యాగులో."

"రేపట్నుంచి నావి నాకు. నీ చదువు నీ బుర్రతో చదువుకో. అది మంచి బుర్రే, మా వంశంలో వచ్చింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

"ఒట్టెందుకు తాతా? ఇస్తాను."

"వెయ్యమన్నానా!"

"ఒట్టు. రేపట్నుంచి నీవి నీకే."

"అదీ! అడగ్గానే ఒప్పుకున్నావు, నాకది చాలు. కోపం పోయింది. లోకంలో ఎవరు మాట తప్పినా నా మనవరాలు తప్పదు."

"నిన్న కూడా ఇలాగే నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని, ఇదే మాట అన్నావు తాతా."