ఊయి కెంగ్ సూన్ గారు పెట్టని సంతకం

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం ఫిబ్రవరి నాలుగో తేదీన, బాయాన్ లెపాస్‌లోని మన వైద్య పరికరాల సంస్థలో పరీక్షా విభాగపు సహాయకునిగా శ్రీ ఊయి కెంగ్ సూన్ గారు బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి ఈ ఏప్రిల్ ముప్పైన పదవీ విరమణ చేయబోతున్న నేటి దాకా, ముప్పై నాలుగేళ్ల పైచిలుకు సుదీర్ఘ సేవాకాలంలో, ఎవరడిగిన ప్రశ్నకైనా ఆయన తిన్నగా సమాధానం చెప్పిన దాఖలా లేదు. అభినందన వ్యాసాన్ని ఇటువంటి మాటతో ఆరంభించడం సంప్రదాయం కాదు. అయితే ఈ సంచిక చదివేవారిలో సగం మందికి ఈ ఏటి హరి రాయా, అంటే రంజాన్ పండుగ సెలవులు ఆయన చలవ వల్లనే పోయాయి కనుక, లేని ప్రసన్నతను నటించడం కూడా మర్యాద అనిపించుకోదు.

ఆయన చేరిన కొత్తలో, పరికరాలకు మెదడుగా పనిచేసే బోర్డు శాఖ మొత్తానికీ ఒక్కటే ఉండేది. ఆరుగురు ఇంజనీర్లు దాని కోసం వంతులు వేసుకునేవారు. ఆ వంతుల పట్టిక నిర్వహణను అందరికన్నా చిన్నవారైన ఊయి గారికి అప్పగించగా, ఆయన వచ్చిన ప్రతివారినీ ఏం తెలుసుకోదలచి వచ్చారని ప్రశ్నించి, జవాబు నచ్చకుంటే వెనక్కి పంపేవారు. ఒకసారి సాక్షాత్తు విభాగాధిపతినే వెనక్కి పంపి, మూడు నెలల పాటు గిడ్డంగికి బదిలీ అయ్యారు. తిరిగి వచ్చాక కూడా పద్ధతి మార్చుకోలేదు.

రెండు వేల ఆరులో మన శాఖకు ఎమ్యులేటరు వచ్చింది. ఉన్న కంప్యూటరు చేత మరో కంప్యూటరు వేషం కట్టించే ప్రోగ్రాము అది. ఇక బోర్డు కోసం కాచుకోనక్కర లేదని అందరూ సంబరపడ్డారు. కానీ వేషం కట్టించే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఏ జాతి ప్రాసెసరు, ఆ ప్రాసెసరును పొదిగిన యంత్రం ఏది. జాబితాలో యంత్రాల పేర్లు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో కొన్ని ఏనాడో తయారీ ఆగిపోయిన బోర్డులు. ఒకటి మాత్రం ఏ కర్మాగారంలోనూ పుట్టనిది, ఎమ్యులేటరు కోసమే ఊహించినది. అడిగినంత మెమరీ, తెర, నెట్‌వర్కు, సకల వైభవాలూ గలది. ప్రాసెసరు జాతి కుదిరితే చాలని తలచి, కుర్రకారంతా ఆ ఊహాయంత్రం మీదనే ఎగబడేవారు. "బియ్యం ఒకటేనమ్మా. అయితే మాత్రం కొబ్బరిపాలతో వండే నాసి లెమాకూ గంజి జావా ఒకటవుతాయా?" అనేవారు ఊయి గారు. పోనీ ఊహాయంత్రం పనికిరాదంటారా అంటే, అదీ అనరు. నెట్‌వర్కు ప్రోగ్రాములను స్వయంగా దాని మీదనే నడిపేవారు. ఏ పనికి ఏ యంత్రమో ఒక పట్టిక రాసి ఇమ్మని యాజమాన్యం నాలుగుసార్లు లిఖితపూర్వకంగా కోరినా, నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నారు.

రెండు వేల పదమూడులో రొహానా బింతి ఇద్రిస్ ఆయన వద్ద శిష్యరికానికి కుదిరింది. చేరిన మొదటి వారంలోనే, ఏ యంత్రం ఎంచుకోమంటారని వినయంగా అడిగింది.

"నీకేం తెలుసుకోవాలనుంది?" అన్నారాయన.

"నా ప్రోగ్రాం పనిచేస్తుందో లేదో, అంకుల్."

"పనిచేస్తుందిలే. ఎక్కడ చెడుతుందో తెలుసుకోవాలని ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా."

ఆనాడు రొహానా మెట్ల దగ్గరికి పోయి ఏడ్చింది. ఆపై పన్నెండేళ్లలో ఆమె సీనియరు ఇంజనీరై, ఆయన తరువాత ఆ స్థానానికి ఎంపికైంది గానీ, ఆయన దగ్గర ఒక్క సూటి మాట మాత్రం రాబట్టలేకపోయింది.

నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచే పెట్టె కొత్త నమూనాకు రొహానాయే సారథి. రాయా పండుగకు ముందే ఆసుపత్రులకు అందించాలని గడువు. అసలు బోర్డులు వచ్చినవి రెండే, ఆ రెండూ కౌలాలంపూర్‌లో ధ్రువీకరణకు వెళ్లాయి. కనుక ప్రోగ్రామును ఊహాయంత్రం మీద పరీక్షించారు. నాలుగు వందల పన్నెండు పరీక్షలకు నాలుగు వందల పన్నెండూ నెగ్గాయి. ఊయి గారి సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన పెట్టలేదు. తొమ్మిది రోజులు పెట్టలేదు.

"ఒక్కటీ తప్పలేదు అంకుల్! ఇంకేం కావాలి మీకు?" అని రొహానా ఉపవాసపు నీరసంలోనే విరుచుకుపడింది.

"దేంట్లో నడిపావు?"

"ఎప్పుడూ నడిపే దాంట్లోనే."

"అది బంగళా. మన బోర్డు ఒంటిగది కొంప. బంగళాలో చేతులు బార్లా చాపుకుని తిరిగితే ఏం తగుల్తుంది? జాబితాలో ఆ పాత బోర్డు ఉంది చూడు, మన దానిలాగే అరవై నాలుగు కిలోబైట్లది. అందులో నడుపు."

"దానికి తెర లేదు, నెట్‌వర్కు లేదు. లోకంలో ఇంకా ఎవరైనా వాడుతున్నారో లేదో!"

"మన పెట్టెలో పడుకునే బిడ్డకి నెట్‌వర్కు దేనికి?"

"వచ్చే నెల వెళ్లిపోతున్నారుగా. పోయే ముందు మమ్మల్నిలా సాధించడం దేనికండీ?"

"సాధించకపోతే పొద్దెట్లా పోద్దే?"

ఆ చివరి మాటను రొహానా ఇప్పటికీ క్షమించలేదు. విభాగాధిపతి దేవేంద్రన్ గారి సహనం కూడా అక్కడితో చెల్లిపోయింది. "ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. నువ్వు పెట్టెయ్ రొహానా. మే నుంచి ఎలాగూ నీ సంతకమేగా," అన్నారు. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి, క్వాంటాన్‌లోని అత్తవారింటికి ప్రయాణం పెట్టుకున్న మనిషి ఆమె. సంతకం పెట్టేసింది. కాగితం దేవేంద్రన్ గారి బల్ల మీదికి చేరింది.

మరునాడు శుక్రవారం. పెద్దాయన నోరు మూయించి సాగనంపాలన్న పంతంతోనే రొహానా ఆ పాత బోర్డు వేషంలో ప్రోగ్రామును నడిపింది. నాలుగు గంటలు అంతా సవ్యంగా సాగింది. ఐదో గంటలో పరీక్ష ప్రకారం వేడిని పెంచింది. ముప్పై ఎనిమిది దగ్గర హెచ్చరిక మోగాలి. మోగలేదు. ముప్పై తొమ్మిది దాటింది, నలభై దాటింది. ఆమె కంప్యూటరులో అంతా క్షేమమనే అక్షరాలే వరుసగా పడుతూ పోయాయి. నిమిషనిమిషానికీ పెరిగే ఉష్ణోగ్రతల జాబితా ఆ ఇరుకు మెమరీలో పట్టక పొంగి, పక్కనే ఉన్న హెచ్చరిక హద్దును చెరిపేసింది. ఊహాయంత్రంలో అదే జాబితా పొంగినా, పడేందుకు బోలెడంత ఖాళీ చోటు ఉండేది. అందుకే ఏ పరీక్షకూ ఆ తప్పు దొరకలేదు.

నలభై డిగ్రీల పెట్టెలో కిలోన్నర బిడ్డను తలచుకుంది రొహానా. దేవేంద్రన్ గారి గదికి పరుగెత్తి, తన కాగితం తీసుకుని ఆయన కళ్లెదుటే చింపింది. అక్కడి నుంచి మెట్ల దగ్గరికి వెళ్లింది. ఉపవాసం ఉన్నవారి ముందు తాగడం బాగుండదని, రమదాన్ నెలంతా ఊయి గారు కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుంటారు.

"అంకుల్, నిన్న నేను సంతకం పెట్టేశాను."

"తెలుసు. దేవేంద్రన్ చెప్పాడు."

"తెలిసి కూడా నన్నొక్క మాట అనలేదేం?"

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించారు. సరఫరా ఆపమని డైరెక్టరుకు రాసిన లేఖ అది. "సాయంత్రం దాకా చూసి ఇద్దామనుకున్నా. ఇస్తే పెట్టె ఆగేది, నీ పేరు పోయేది. నువ్వే కనుక్కుంటే బాగుండని రాత్రంతా దణ్ణాలు పెట్టుకున్నానే తల్లీ."

"అక్కడ తప్పుందని మీకు ముందే తెలుసా?"

"నా మొహం. అనుమానం, అంతే. తెలిస్తే చెప్పనా?"

దిద్దుబాటుకు ఏడు వారాలు కావాలని తేలింది. ఆ పనిలో ఉన్న అందరి సెలవులూ రద్దయ్యాయి. క్వాంటాన్ ప్రయాణమూ ఆగింది. పని మే మొదటి వారానికి ముగుస్తుంది కనుక, ఆ నమూనా మీద ఊయి గారి సంతకం ఇక ఎన్నటికీ ఉండదు. రొహానా సంతకం ఉంటుంది. ఈ వృత్తాంతం వద్దనీ, తాను ఏ రోజూ ఆలస్యంగా రాలేదని రాస్తే చాలుననీ ఊయి గారు సంపాదకవర్గాన్ని కోరారు. తన పేరుతో సహా పూసగుచ్చినట్టు అచ్చువేయాల్సిందేనని రొహానా పట్టుబట్టింది. దేవేంద్రన్ గారు తన పేరు కూడా తీసేయవద్దన్నారు.

ఇంట్లోకి ఒక రైస్ కుక్కరు ఎంచుకోవడానికి ఈయన పదకొండు నెలలు తీసుకున్నారని వాపోయిన ఆయన సతీమణి శ్రీమతి స్యూ ఇమ్ గారికి, మే ఒకటి నుండి ఈయన పూర్తిగా ఇంటిపట్టునే ఉంటారన్న వార్తను సానుభూతితో తెలియజేస్తున్నాము. ఆ పెట్టెల్లో వెచ్చగా నిద్రపోబోయే బిడ్డలకు ఊయి కెంగ్ సూన్ గారనే మనిషి ఒకరున్నారని ఎన్నడూ తెలియదు. వాళ్లంతా పెరిగి, మీసాలొచ్చి, బటర్‌వర్త్ రేవుకు వెళ్లే పడవ ఎక్కేటప్పుడు తోసుకుంటూ ఆయన కాలు తొక్కే నాటికి కూడా, వారిని కసితీరా తిట్టగల ఓపికతో, ఆరోగ్యంతో ఆయన చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.