శనగల డబ్బా

తాతకి మోకాళ్ళు అరిగిపోయాయని రేపు గుర్రాన్ని కొత్త యజమానికి పంపేస్తున్నారు. ఫోటోగ్రాఫరు వచ్చేలోగా తాతా మనవరాలూ శాలలో దానికి ఒళ్ళు తోముతున్నారు.

"జూలు చిక్కు తీసేశాను తాతయ్యా. నువ్వెళ్ళి చొక్కా మార్చుకో."

"నాకెందుకే ఫోటో? నేను కెమెరా వెనకాల నిలబడి శనగల డబ్బా ఆడిస్తాను. చెవులు నిక్కబొడుచుకోకపోతే ఇది ఫోటోలో గాడిదలా పడుతుంది."

"ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేశాలే."

"ఫోనుకి మోసపోతుందా ఇది! ఒకసారి నేను తుమ్మితే మూడు కంచెలు దూకింది. నాలుగో కంచె భయపడి తనే పక్కకి తప్పుకుంది."

"కోతలాపు. ఇదిగో, మోగిస్తున్నా."

"చూశావా? ఒక్క చెవీ కదల్లేదు."

"అయితే నువ్వు పక్కనే ఉండి దగ్గు."

"ఉహూఁ, ఉహూఁ!"

"అమ్మ దొంగా! రెండు చెవులూ లేచాయి."

"లేస్తాయి, కానీ మొహం నా వైపు తిప్పేసింది చూడు. కెమెరాని చూడని ఫోటో దేనికి పనికొస్తుందే?"

"నాకు అదే ఫోటో కావాలి. పదకొండేళ్ళు నిన్నే చూసింది. రేపట్నుంచి ఎవర్ని చూస్తుందో."

తాత దువ్విన జూలునే మళ్ళీ దువ్వడం మొదలుపెట్టాడు.

"చిక్కు తీసేశానన్నాగా తాతయ్యా."

"సరేలే. ఏ చొక్కా వేసుకోమంటావు?"

"తెల్లది."

"ఇది మూతి దానికే తుడుస్తుందే!"

"తుడవనీ."