రెండో టికెట్టు

మేడ కింది గదిలో హౌసీ ఆట అప్పుడే ముగిసింది. నంబర్లు పిలిచే రిటైరైన బస్సు డ్రైవరు కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నాడు. నర్సు గుమ్మంలో నిలబడింది.

"ఈ గది తాళంచెవి ఇవ్వండి బాబాయ్."

"ఇస్తాను. ముందు కూర్చో. నిలబడి అడిగినవాళ్ళకి నేను జన్మలో ఏదీ ఇవ్వలేదు, బస్సులో సీటు తప్ప."

"కూర్చుంటే మళ్ళీ లేవలేను. పొద్దుటినుంచి నాలుగంతస్తులూ ఆరుసార్లు ఎక్కి దిగాను."

"అందుకే కూర్చోమంటున్నా. కుట్టు టీచరమ్మ ఎలా ఉంది?"

"ఆస్పత్రిలో కళ్ళు తెరిచింది. నిన్న బీపీ బాగా పడిపోయి మెట్ల మీద పడింది కదా, మోచెయ్యి విరిగింది. గండం గడిచినట్టే. ఇవాళ ఆట ఎవరు కొట్టారో కనుక్కుని చెప్పమంది."

"ప్లంబరని చెప్పు. ఒళ్ళు మండి లేచి కూర్చుంటుంది."

"తాళంచెవి, బాబాయ్."

"ఇస్తానన్నానుగా."

"ఆట ఆపెయ్యమన్నారు మా ఆరోగ్య కేంద్రం ఆఫీసులో. సాయంత్రంలోగా నేను రిపోర్టు రాసివ్వాలి. ఎవరివల్ల జరిగిందో పేరు కావాలట."

"ఆటవల్ల జరిగిందంటావా?"

"మరి దేనివల్ల? బీపీ మాత్రలు పదీ వేసుకుని ఖాళీ షీటు తెస్తే ఒక టికెట్టు. ఆ రూలు పెట్టిందెవరు?"

"నువ్వూ నేనూ. పది రోజులకోసారి ఆట, పది మాత్రల షీటు, భలే కుదిరిందని చప్పట్లు కొట్టింది నువ్వు. ఆట మొదలెట్టకముందు ఈ మేడలో మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ళు ఎంతమంది?"

"తెలుసు."

"తెలిస్తే చెప్పు."

"నలభైమందిలో తొమ్మిదిమంది."

"ఇప్పుడో?"

"ముప్ఫై ఆరు. నేను రాసిన లెక్కలు నాకే అప్పజెప్పకండి."

"రెండేళ్ళు గడపగడపకీ తిరిగావు. బతిమాలావు, బొమ్మలు చూపించావు, భయపెట్టావు. ప్లంబరు నీ ఎదురుగా నోట్లో వేసుకుని, నువ్వు మెట్లు దిగగానే కిటికీలోంచి ఉమ్మేసేవాడు. ఇప్పుడు ఒక్క సబ్బుబిళ్ళ గెలవడానికి ఠంచనుగా మింగుతున్నాడు. అది ఆపేస్తావా?"

"టీచరమ్మ రెండు టికెట్లు ఆడుతోందని మీకు తెలుసా, తెలీదా?"

"ఈ కుర్చీ కాలు ఊడేట్టుంది, చూశావా?"

"బాబాయ్."

"తెలుసు."

"ఎన్నాళ్ళబట్టి?"

"వాళ్ళాయన పోయినప్పట్నుంచి. ఐదాటలు. రెండు షీట్లు తెచ్చేది, రెండు టికెట్లు ఇచ్చేవాణ్ణి."

"రెండోది ఎవరిదని అడగలేదా?"

"అడగడానికేముంది? గడియారాల మాస్టారు ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ పక్కపక్కనే ఆడేవాళ్ళు. ఆయన పోయాక ఆ టికెట్టు ఆయన కుర్చీలో పెట్టుకుని, రెండూ తనే కొట్టుకునేది. ఆయనది గెలిస్తే, 'మీ అదృష్టం తగలెయ్యా' అని కుర్చీని తిట్టేది. ఒక్కళ్ళు నవ్వలేదమ్మా. ప్లంబరు కూడా."

"ఆవిడ తూలుతున్నట్టు కనిపించలేదా?"

"రెండాటలనుంచి గోడ పట్టుకుని నడుస్తోంది. మోకాళ్ళంది. నమ్మాను. మాకందరికీ మోకాళ్ళే కదా."

"ఆయన మాత్రలు ఎక్కువ పవరువి. తనవి పొద్దున్న, ఆయనవి రాత్రి వేసుకుందట."

"కావాల్సింది ఖాళీ షీటు. మాత్రలు తీసి పారేసి తెస్తే నాకేం తెలుస్తుంది? ఎందుకు మింగడం?"

"నేనూ అదే అడిగాను. 'దొంగాట ఆడితే టికెట్టు చించేస్తానని డ్రైవరుగారు గోడ మీద రాసి పెట్టారు కదమ్మా. మా ఆయన ఎన్నడూ దొంగాట ఆడలేదు' అంది."

"అది ప్లంబరు కోసం రాశాను."

"తెలుసు."

"వాడికోసం రాస్తే ఆవిడ చదివింది."

"చదివేవాళ్ళే చదువుతారు."

"నా పేరు రాసెయ్యమ్మా. టికెట్లు ఇచ్చింది నేను, నోరు మూసుకున్నది నేను. ఊడటానికి నాకు ఉద్యోగం కూడా లేదు. నీకు ఇద్దరు ఆడపిల్లలు."

"మీ పేరు రాస్తే మిమ్మల్ని ఈ గదిలో అడుగు పెట్టనివ్వరు. నంబర్లు ఎవరు పిలుస్తారు?"

"ప్లంబరు పిలుస్తాడు."

"ఆయనకి అరవై తర్వాత అంకెలు రావు."

"మాత్రలు నేర్చుకోలేదూ? అంకెలూ నేర్చుకుంటాడు. రాయి. మనిషికి ఒక్కటే టికెట్టని కొత్త రూలు కూడా రాయి. ఆటని మాత్రం బతకనీ."

"మీ పేరు రాయను బాబాయ్. ఆటవల్లనీ రాయను. తాళంచెవి మీ జేబులోనే ఉంచండి."

"మరి ఎవరి పేరు రాస్తావు? ఆవిడదా? ఆస్పత్రిలో పడుకున్న మనిషిది?"

"కాదు."

"ఆగాగు. మాస్టారు పోయి రెండు నెలలు కావస్తోంది. మిగిలిపోయిన పాత షీట్లు తెస్తోందనుకున్నాను. ఐదు షీట్లు మిగులుతాయా ఎవరికైనా?"

"మిగల్లేదు. ఆయన పోయిన వారానికి మాత్రల జాబితాలో పేరు కొట్టెయ్యడానికి వాళ్ళింటికి వెళ్ళాను. 'ఇంకొన్నాళ్ళు ఉండనీ అమ్మా, కొట్టెయ్యకు' అని నా చెయ్యి పట్టుకుంది. పెన్ను మూత పెట్టేశాను. అప్పట్నుంచి పది రోజులకోసారి ఆవిడ షీటుతోపాటు ఆయన షీటూ నా చేత్తో నేనే ఇస్తున్నాను బాబాయ్. దాచుకుంటుందనుకున్నాను."