బందరు కాలువను తాగిన తివాచీ

వాజిద్ ట్రాలీ ఆటో వెనకాల చుట్టి కట్టిన ఉన్ని తివాచీని చూడగానే నాకు టీ సహించలేదు. బందరు కోనేరు సెంటర్లో శ్రీను టీ కొట్టు ముందు బండి ఆపి, తాళం దానికే వదిలేసి, ఒక టీ తాగి వెళ్లిపోదామని వచ్చాడు వాడు.

"ఎక్కడికిరా దాన్ని?" అన్నాను.

"విజయవాడ, మావయ్యా. మిషన్ వాష్‌కి. వచ్చే శుక్రవారం మా చెల్లి సానియా నిశ్చితార్థం కదా. పెళ్లికొడుకు వాళ్లని దీనిమీదే కూర్చోబెట్టాలంటోంది అమ్మ. దీన్నిండా దుమ్ము, మొన్న రొయ్యల కూర కూడా ఒలికింది."

"మిషన్‌లో వేణ్ణీళ్లు పోస్తార్రా. ఉన్నికి వేణ్ణీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది. పెళ్లికొడుకు ఒక్కడూ కూర్చుంటే వాళ్ల నాన్న నిలబడాలి. దించు."

"అమ్మకి మోకాళ్లు పనిచెయ్యట్లేదు. ఇంట్లో ఎవరు ఉతుకుతారు?"

"నేను ఉతుకుతాను. ఇంతకుముందు ఉతికింది ఎవరనుకున్నావు?"

బెంచీ చివర కూర్చున్న సుబ్బారావు పేపరు మడిచాడు. కాలువ మీద ముప్ఫయ్యేళ్లు లాకులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఏ లాకు ఏ రోజు ఎత్తారో చెప్పగలడు. నేను నోరు తెరిస్తే పేపరు మడవడం అతని అలవాటు.

"శ్రీనూ, ఇంకో మూడు పెట్టు. నాంచారయ్య మొదలెట్టాడు," అన్నాడు.

వాజిద్ గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీ అయ్యేలోపు వాడి మనసు తిప్పాలి. లేకపోతే ఆ తివాచీ వెళ్లినట్టుగా తిరిగిరాదు.

"విను. మీ తాత ఇమామ్ సాహెబ్ గారి రోజులు. పగలంతా బస్తాలు మోసినవాళ్లం, పదిమందిమి, చీకటి పడ్డాక ఆయన వరండాలో ఈ తివాచీ మీద కూర్చుని అక్షరాలు దిద్దుకునేవాళ్లం. మా కాళ్ల మట్టి చూసి చాప వెయ్యండి సాయిబుగారూ అన్నా వినేవారు కాదు. చదువుకోడానికి వచ్చినవాళ్లు మంచిదాని మీదే కూర్చోవాలనేవారు. ఎర్రటి నేల మీద పచ్చటి తీగలు కదా దీనికి, ఆ తీగల మీద వేలు పెట్టి తిప్పించి, 'అ' కి వంపు ఇదేరా అని చూపించేవారు. అలాంటిదాని మీద ఒకరోజు సిరాబుడ్డి ఒలికింది. ఎవరు ఒలికించారన్నది ఇప్పుడు అనవసరం."

"నువ్వే," అన్నాడు సుబ్బారావు.

"అనవసరమన్నాను కదా. మర్నాడు మీ తాతావాళ్లు గుంటూరు పెళ్లికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేలోపు, ఒక్కరోజులో, ఈ ఎనిమిదడుగుల తివాచీని నేనొక్కణ్ణే శుభ్రం చేశాను. ముందు దండెం మీద తిరగేసి వేసి వెనక నుంచి వెదురుకర్రతో కొట్టాను. పూల వైపు నుంచి కొడితే దుమ్ము లోపలికి దిగుతుంది, గుర్తుపెట్టుకో. రాలిన దుమ్ముతో పక్కింటావిడ అరుగు కట్టుకుంది."

"అరుగా?" అన్నాడు శ్రీను.

"చిన్న అరుగేలే. తర్వాత జిడ్డు మరకల మీద తవుడు చల్లాను. చల్లి, చేత్తో మెల్లగా నొక్కి వదిలేస్తే జిడ్డంతా అదే లాగేస్తుంది. ఎంత లాగిందనుకున్నావు? ఆ తవుడు గానుగాడిస్తే రెండు డబ్బాల నూనె దిగింది, మీ అమ్మమ్మ నెల్లాళ్లు దాంతోనే వంట చేసింది. ఇక సిరా మీద చల్లటి పాలు గుడ్డతో అద్దాను. రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే పక్క పువ్వుకి పాకుతుంది."

"సబ్బు పెట్టలేదా మావయ్యా?"

"సబ్బు మాటెత్తకు. సోడా అసలే వద్దు, ఉన్ని చచ్చిపోతుంది. కుంకుడుకాయలు గింజలు తీసి, రోట్లో దంచి, నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టాను. తివాచీ మూల ఒకచోట తడిపి, తెల్లగుడ్డ అద్ది, రంగు దిగట్లేదని చూసుకుని అప్పుడు తీసుకెళ్లి బందరు కాలవలో దించి ఆ రసం పోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నురగ లేచింది. ముందు మోకాలెత్తు, తర్వాత మనిషెత్తు, తర్వాత తాటిచెట్టెత్తు. ఒక లాంచీ అందులో చిక్కుకుపోయి, దాన్ని నడిపే సరంగు కూత వేస్తే కూతకి బదులు బుడగలొచ్చాయి. అక్కణ్ణించి నురగ గుడివాడ చేరింది, అక్కడ గేదెలన్నీ తెల్లబడిపోయాయి, ఏది ఆవో ఏది గేదో తెలియక జనం పాలు పిండి రుచి చూసి ఎవరివి వాళ్లు తోలుకెళ్లారు."

"గుడివాడ వేరే కాలవ మీద ఉంది నాంచారయ్యా," అన్నాడు సుబ్బారావు.

"నురగకి కాలవెందుకయ్యా, గాల్లో వెళ్లింది. నువ్వింకా లస్కరువి కాలేదు అప్పటికి. కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో అయితే రొయ్యలు ఎంత శుభ్రపడ్డాయంటే, వలలో ఉన్నా కనపడేవి కాదు, చేత్తో తడిమి ఏరుకునేవాళ్లు."

"అప్పటికి కృత్తివెన్నులో చెరువులెక్కడివి?" అన్నాడు మళ్లీ సుబ్బారావు.

"నురగ బరువుకి నేల కుంగి గుంటలు పడ్డాయి. ఇప్పుడు చెరువులంటున్నవి అవే."

వాజిద్ నవ్వాడు. గ్లాసులో ఇంకా సగం ఉంది. నేను బెంచీ మీద ముందుకి జరిగాను.

"అసలు సంగతి ఇప్పుడొస్తోంది. ఎత్తుదామంటే తివాచీ లేవదు. ఉన్ని నీళ్లు తాగుతుంది వాజిదూ. తాగి, తాగి, కాలవ మొత్తం తాగేసింది. లాకుల సూపర్నెంటుగారు కాలవ అడుగునే సైకిలు తొక్కుకుంటూ వచ్చి, 'నాంచారయ్యా, కాస్త పిండవయ్యా, నా ఉద్యోగం పోతుంది' అని గడ్డం పట్టుకున్నాడు. పిండనన్నాను. ఉన్నిని మెలిపెట్టి పిండితే ఇక జన్మలో చదునుగా ఉండదు. పొడిగుడ్డ పరిచి, దాంతోపాటు చాపలా చుట్టి, మీద నడవాలి. అలాగే నడిచాను. ఒక్కో అడుక్కి పొలాలకి పోయే బోదె ఒక్కోటి నిండింది. ఆ నీళ్లు మొవ్వ దాకా పారి, అక్కడ రెండో పంట పండింది. ఆ బియ్యం వండుతుంటే గిన్నె అంచుదాకా తెల్లగా నురగొచ్చేది."

"అన్నం ఉడుకుతుంటే ఎప్పుడూ నురగొస్తుంది తాతా," అన్నాడు శ్రీను.

"ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. సరే, ఆరబెట్టాలి. ఎండలో వెయ్యకూడదు, రంగు వెలిసిపోతుంది. నీడలో, నులకమంచం మీద పరిస్తే కింద నుంచి కూడా గాలాడుతుంది. నీడ కోసం చూస్తుంటే హంసలదీవి వైపు నుంచి ఒక మబ్బు వస్తోంది. కాసేపు ఇక్కడుండమ్మా అన్నాను. మూడు రోజులు ఉంది."

"ఒక్కరోజులో ఉతికానన్నావు," అన్నాడు వాజిద్.

"మబ్బు కింద పొద్దెవడికి తెలుస్తుందిరా, అదంతా ఒకటే రోజు. అది ఆరాక ఉన్నికి ఎంత ప్రాణం వచ్చిందంటే, ఇంకా గొర్రె మీదే ఉన్నాననుకుని పెరగడం మొదలుపెట్టింది. మీ తాత వచ్చేసరికి మంచం దిగి దొడ్లో గడ్డి మేస్తోంది. నేనే ఎండిన వేపాకు చూపించి లోపలికి పిలిచి, ఆ వేపాకు మడతల్లో పెట్టి, మడిచేశాను. పురుగు పట్టదు."

వాజిద్ టీ అయిపోయింది. గ్లాసు పెట్టి లేచాడు.

"బావుంది మావయ్యా. ఆలస్యమైతే వాళ్లు కౌంటరు మూసేస్తారు, వెళ్తాను."

"నమ్మకపోతే మీ అమ్మని అడుగు," అన్నాను. ఇన్నేళ్లకి ఖాతూన్‌కి ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను. అప్పటికి పదేళ్ల పిల్ల.

వాడు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "అమ్మా, నాంచారయ్య మావయ్య తివాచీని వెళ్లనివ్వట్లేదు. పూర్వం బందరు కాలవలో తనే ఉతికానంటున్నాడు. నిజమేనా?"

"కాలవలోనా?" అంది ఖాతూన్. "ఏం అన్నా, కాలవలో ఉతికావా? రేవులో మనుషులుంటారు, చూసి నాన్నకి చెబుతారని, ఎవరూ లేనిచోటు చూసుకుని ఉప్పుటేట్లో ముంచావు కదా. ఉన్ని నిండా ఉప్పు దిగింది. పైకి ఆరినట్టే ఉండేది, వాన మబ్బు పట్టిందంటే దానంతటదే తడిసిపోయేది. కూర్చుని లేస్తే మీ లుంగీలన్నీ తడే. ఆ వానాకాలమంతా నాన్న మిమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టలేదూ? అమ్మా నేనూ బిందెలతో మంచినీళ్లు మోసుకొచ్చి తొమ్మిదిసార్లు ముంచితే గానీ ఆ ఉప్పు వదల్లేదు."

సుబ్బారావు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు కదులుతోంది. శ్రీను గిన్నె వైపు తిరిగిపోయాడు.

"తొమ్మిది కాదు, పదకొండు," అన్నాను. "చివరి రెండుసార్లు బిందెలు మోసింది నేను."

"మోశావు," అంది ఖాతూన్. "ఆ పదకొండుసార్లూ కుంకుడుకాయలు దంచింది కూడా నువ్వే. అమ్మ పోయేదాకా చెప్పేది, నాంచారయ్యలా ఎవరూ దంచలేరని."

వాజిద్ నా వైపు చూశాడు, తర్వాత తివాచీ వైపు చూశాడు.

"వాజిదూ," అంది ఖాతూన్, "విజయవాడ వద్దులే, బండి తిప్పు. దారిలో రెండు కిలోల కుంకుడుకాయలు కొని, అన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జాగ్రత్తగా తీసుకురా. దంచడం ఆయన పని. నీళ్లు మాత్రం నువ్వే తోడి పొయ్యి. ఆయన్ని నీళ్ల దగ్గరికి రానివ్వకు."